శ్రీహరికోట పుస్తకానికి కెనడాలో దుకాణం ఏది?



సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మధ్యగా వేసిన రోడ్డు పట్టుకుని, అటకానితిప్ప దాటి వెళ్తే శ్రీహరికోట. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ లేచింది. ఆనాటి నుంచి ఆ దీవిలో ఉద్యోగాలు చేసి రిటైరైన వాళ్లు వేలల్లో ఉంటారు. ఇంజనీర్లు, టెక్నీషియన్లు, బస్సు డ్రైవర్లు, క్యాంటీన్ వంటవాళ్లు, కాలనీ బళ్లలో పాఠాలు చెప్పిన టీచర్లు, ఆస్పత్రి నర్సులు. వాళ్లందరికంటే ముందు ఆ అడవినే ఇల్లు చేసుకుని బతికిన యానాదులు ఉన్నారు. అక్కడి కట్టెలు బకింగ్‌హామ్ కాలువ వెంట పడవల్లో మద్రాసు పొయ్యిలకు చేరిన కాలం ఉంది. ఆ దీవి గురించి, ఇస్రో గురించి ఇంగ్లీషులో మంచి పుస్తకాలే వచ్చాయి. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్‌కు డైరెక్టరుగా పనిచేసిన ఆరవముదన్ గారు గీతా ఆరవముదన్ గారితో కలిసి రాసిన ఇస్రో చరిత్ర 2017లో వచ్చింది. తెలుగులో రావలసినవి మాత్రం ఇంకా చాలా ఉన్నాయి. వాటిని రాయగలిగిన వాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. కొందరు రాసి పెట్టుకుని కూడా ఉన్నారు.

అలా రాసి పెట్టుకున్న వాళ్ల కోసమే ఈ ప్రసంగం. సొంతంగా వేసుకున్న ఈ-పుస్తకాన్ని ఎక్కడ అమ్మాలి, అందులోనూ కెనడాలో ఉన్న తెలుగువాళ్లకు ఎలా అందించాలి అనేది ఈ పూట విషయం.

కెనడాయే ఎందుకంటారా? సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, తిరుపతి... ఈ ఊళ్లలో ఏ వీధికి వెళ్లినా విదేశాల్లో పిల్లలున్న ఇల్లు కనబడుతుంది. టొరంటో, బ్రాంప్టన్, మిస్సిసాగా, కాల్గరీ, వాంకూవర్ పేర్లు మన ఇళ్లలో చుట్టాల ఊళ్ల పేర్లంత మామూలైపోయాయి. అక్కడి తెలుగువాళ్లు తెలుగును ఇంట్లో మాట్లాడి ఊరుకోలేదు. 2021లో వంగూరి ఫౌండేషన్ అనే సాహిత్య సంస్థ తోడుగా తొలి కెనడా తెలుగు సాహితీ సదస్సు జరుపుకున్నారు. అంటే అక్కడ చదివేవాళ్లున్నారు, రాసేవాళ్లున్నారు. శ్రీహరికోట కాలనీలో పెరిగి, రాకెట్ లేచినప్పుడు కిటికీ అద్దాలు అదిరిన చప్పుడు విన్న పిల్లలు ఈరోజు అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్ల నాన్నలు, అమ్మలు ఏం చేశారో వాళ్లకు చెప్పే పుస్తకం వాళ్ల చేతికి చేరాలి. సూళ్లూరుపేట పోస్టాఫీసు నుంచి అచ్చుపుస్తకం పంపితే, పుస్తకం వెలకంటే తపాలా ఖర్చే ఎక్కువవుతుంది. ఈ-పుస్తకానికి ఆ బాధ లేదు.

సొంతంగా పుస్తకం వేసుకోవడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో సొంత అచ్చుకూటమే పెట్టుకున్నారు. ఆ తర్వాతి తరాల్లోనూ మన రచయితల్లో చాలామంది చేతి డబ్బు పెట్టి అయిదువందల ప్రతులో, వెయ్యో వేయించుకుని, పుస్తకాల షాపులకు నూటికి నలభై, ఒక్కోసారి యాభై కమిషన్ ఇచ్చి అమ్మినవాళ్లే. అమ్ముడుపోని కట్టలు అటకెక్కేవి. ఈ-పుస్తకంలో అటక ఖర్చు లేదు, అచ్చు ఖర్చు లేదు. అందుకని ఆలోచన లేకుండా ఎక్కడో ఒకచోట పెట్టేస్తే సరిపోతుందనుకుంటాం. అక్కడే పుస్తకం పాఠకుడికి దూరమవుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏ దుకాణం ఎంత శాతం ఇస్తుందన్న లెక్కతో మొదలుపెట్టకండి. మూడు ప్రశ్నలు ముందు వేసుకోండి. ఒకటి, ఆ దుకాణంలో తెలుగు తెలుగులా కనబడుతుందా? రెండు, నా పాఠకుడు అక్కడికి వెళ్తాడా? మూడు, రేపు ఆ దుకాణం మూతపడినా, నాకే అక్కడ ఉండబుద్ధి కాకపోయినా, నా పుస్తకం నా చేతిలో ఉంటుందా? ఈ మూడింటికీ జవాబు దొరికాక డబ్బు లెక్క వేసుకోవచ్చు.

మొదటి ప్రశ్న దగ్గరే మనవాళ్లు ఎక్కువ దెబ్బతింటున్నారు. మన దగ్గర డీటీపీ చేసేవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పని చేశారు. అచ్చుకు ఆ ఫాంట్లు అందంగా ఉంటాయి, తప్పు పట్టడానికి లేదు. కానీ అందులో కంప్యూటరు దాచుకునేది తెలుగు అక్షరం కాదు. ఏదో ఇంగ్లీషు గుర్తు దాచుకుని, దానిపైన తెలుగు బొమ్మ చూపిస్తుంది. ఆ ఫాంటు లేని ఫోన్లో తెరిస్తే చిందరవందర గుర్తులు తప్ప మరేమీ కనబడదు. యూనికోడ్ అలా కాదు. అందులో తెలుగు అక్షరానికి తెలుగు అక్షరంగానే చోటుంది. 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది. కాబట్టి ఈ-పుస్తకానికి మొదటి మెట్టు, రాతప్రతి యూనికోడ్‌లో ఉండటం.

పాత అను ఫైలును యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మార్చుకున్నాక అది పూర్తయిందనుకోకూడదు. వత్తుల దగ్గర, అందులోనూ రెండు మూడు హల్లులు పెనవేసుకున్న చోట తప్పులు దొర్లుతాయి. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న, సామర్థ్యం వంటి మాటలను వెతికి వెతికి చూడాలి. రాకెట్ల గురించి రాసినవాళ్లయితే ఉపగ్రహం, కక్ష్య, ఇంధనం, ప్రయోగం అనే మాటలు పుస్తకమంతా ఉంటాయి. కక్ష్యలో ఒక వత్తు తప్పుకుంటే అది ప్రతి పేజీలోనూ తప్పుకుంటుంది. అచ్చుపుస్తకానికి ప్రూఫులు దిద్దినంత ఓపికగా తెరమీద కూడా దిద్దాలి.

యూనికోడ్ ఫైలు సిద్ధమయ్యాక, కెనడాలో ఉన్న మీ అబ్బాయికో, మేనకోడలికో ఒక అధ్యాయం ఈపబ్ అనే ఈ-పుస్తకాల ఫైలు రూపంలో పంపి, వాళ్ల ఫోన్లో, ట్యాబ్‌లో, ఈ-రీడర్ ఉంటే దానిలో కూడా తెరిచి చూడమనండి. శ్రీహరికోట అన్న మాటనే చూడమని చెప్పండి. కొన్ని పరికరాలకు తెలుగు ఫాంటు ఉండదు. అక్కడ వరసగా ఖాళీ డబ్బాలు కనబడతాయి. ఇంకొన్నింటికి ఫాంటు ఉంటుంది గానీ అక్షరాలు కలపడం రాదు. అప్పుడు శ్రీ అనే అక్షరం కలిసి రాదు. శ వేరుగా, పొల్లు వేరుగా, ర వేరుగా, గుడిదీర్ఘం ఒక చుక్కల సున్నా మీద వేరుగా కూర్చుంటాయి. అది చూసిన పాఠకుడు రెండో పేజీ తిప్పడు. ఫాంటును ఈపబ్‌లోనే పొదిగి పంపితే డబ్బాల బాధ చాలావరకు పోతుంది. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేయించిన మండలి, గిడుగు, సురవరం వంటి ఫాంట్లు స్వేచ్ఛగా వాడుకోవడానికి దొరుకుతున్నాయి. ఎవరో డబ్బుకు అమ్ముకునే ఫాంటును అనుమతి లేకుండా పొదగకండి. అక్షరాలు కలవని పరికరానికి మాత్రం ఫాంటు పొదిగినా ప్రయోజనం లేదు. అందుకే పరీక్ష ముందు, దుకాణం తర్వాత.

ఇప్పుడు రెండో ప్రశ్నకు, దుకాణాల సంగతికి వద్దాం.

ఈ-పుస్తకం అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు అమెజాన్ కిండిల్. భారతదేశంలో కిండిల్ దుకాణం 2012 ఆగస్టులో తెరిచారు, అదే ఏడాది డిసెంబరులో కెనడాకు విడిగా తెరిచారు. 2016 డిసెంబరులో భారతీయ భాషల పుస్తకాలు కిండిల్‌లో ప్రవేశపెట్టారు. అప్పుడు ఎంచుకున్నవి అయిదు భాషలు: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. దేశంలో నాలుగో స్థానం మనది. తమిళానిది మన తర్వాతి స్థానం. పులికాట్ సరస్సుకు దక్షిణపు ఒడ్డు తమిళనాడు, ఉత్తరపు ఒడ్డు మనది. ఆ ఒడ్డున కూర్చుని తమిళంలో రాసేవాళ్లకు కిండిల్ తలుపు తెరుచుకుంది. సొంతంగా ప్రచురించుకునేవాళ్ల కోసం అమెజాన్ పెట్టిన పెన్ టు పబ్లిష్ పోటీలో ఇంగ్లీషు, హిందీలతో పాటు తమిళానికీ చోటిచ్చారు. ఈ ఒడ్డున రాసేవాళ్లం బయట నిలబడ్డాం. ఈ విషయం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. తెలుగు సంఘాలు, ప్రచురణకర్తలు, రచయితలు కలిసి గట్టిగా అడగవలసిన విషయం ఇది.

అందుచేత అమెజాన్‌లో ఖాతా తెరిచే ముందు, వాళ్లు ఈ-పుస్తకానికి అంగీకరించే భాషల జాబితాను ఆ రోజుకు ఎలా ఉందో చదువుకోండి. తెలుగు లేకపోతే, వేరే భాష పేరు పెట్టి తెలుగు పుస్తకం లోపలికి తోసే ప్రయత్నం చేయకండి. అలాంటివి కనిపెట్టి తీసేస్తారు, ఖాతాకే ముప్పు రావచ్చు. మీ పుస్తకానికి ఇంగ్లీషు అనువాదం ఉంటే, దానికి అమెజాన్ మంచి చోటే.

ఆ ఇంగ్లీషు ప్రతి విషయంలో ఒక షరతు గురించి జాగ్రత్తగా ఉండాలి. అమెజాన్‌లో సొంత ప్రచురణ వాళ్లకు కేడీపీ సెలెక్ట్ అని ఒక పథకం ఉంది. అందులో చేరితే 90 రోజులపాటు ఆ ఈ-పుస్తకాన్ని ఇంకెక్కడా అమ్మకూడదు, ఉచితంగా కూడా ఇవ్వకూడదు. అచ్చుప్రతికి ఆ అడ్డు లేదు. 90 రోజులు కాగానే, మనం వద్దని చెప్పకపోతే, దానంతటదే మళ్లీ మొదలవుతుంది. ఇందులో ఒక మెలిక కూడా ఉంది. కెనడాలో అమ్మిన ప్రతికి ఈ పథకంలో లేకపోయినా 70 శాతం రాయల్టీ వస్తుంది. భారతదేశంలో అమ్మిన ప్రతికి 70 శాతం కావాలంటే మాత్రం ఈ పథకంలో ఉండి తీరాలి. లేకపోతే 35 శాతమే. మీ పాఠకులు కెనడాలోనే ఎక్కువుంటే, ఈ కట్టుబాటు తలకెత్తుకోవలసిన అవసరం లేదు.

రెండో దుకాణం కోబో. ఇది కెనడా సంస్థే. ఇండిగో అనే అక్కడి పెద్ద పుస్తకాల షాపుల సంస్థ 2009లో టొరంటోలో మొదలుపెట్టింది. తర్వాత జపాన్‌కు చెందిన రకుటెన్ కొనుక్కుంది. అయినా కేంద్రం టొరంటోలోనే ఉంది. సొంత ప్రచురణ వాళ్ల కోసం 2012లో కోబో రైటింగ్ లైఫ్ తెరిచారు. మనం సూళ్లూరుపేటలో కూర్చునే అందులో ఖాతా తెరవచ్చు. అక్కడ మనకు ఇచ్చే వాటా, వెల 2 డాలర్ల 99 సెంట్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పెడితే 70 శాతం, తక్కువ పెడితే 45 శాతం. అమెజాన్‌లో 9 డాలర్ల 99 సెంట్లు దాటితే వాటా 35 శాతానికి పడిపోతుంది. కోబోలో అలాంటి గరిష్ఠ పరిమితి లేదు. వేరేచోట అమ్మకూడదన్న షరతూ లేదు.

కోబోలో నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. అది గ్రంథాలయం. కెనడా జనం లైబ్రరీలను బాగా వాడుకుంటారు. టొరంటో పబ్లిక్ లైబ్రరీ, ఓవర్‌డ్రైవ్ అనే వేదిక ద్వారా ఈ-పుస్తకాలు అరువిచ్చే గ్రంథాలయాల్లో ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది. కోబోలో పుస్తకం పెట్టేటప్పుడు లైబ్రరీలకు కూడా అమ్మడానికి సమ్మతి ఇస్తూ ఒక గుర్తు పెట్టవచ్చు, దానికి విడిగా వెల రాయవచ్చు. లైబ్రరీ కొంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. కానీ అక్కడి సభ్యులు ఫలానా పుస్తకం తెప్పించమని అడిగే పద్ధతి చాలా లైబ్రరీల్లో ఉంది. పదిమంది తెలుగువాళ్లు అడిగితే ఆ మాటకు విలువ ఉంటుంది. లైబ్రరీలో చేరిన పుస్తకాన్ని మనం ఎరగని వాళ్లు చదువుతారు. ఆ పని చుట్టాల చేత కొనిపించడం వల్ల జరగదు.

కోబో యంత్రంలో తెలుగు ఎలా వస్తుందో తెలుసుకోవడానికి, ఇందాక చెప్పిన పరీక్ష ఇక్కడ తప్పనిసరిగా చేసుకోవాలి. ఫోన్లో కోబో యాప్‌లో ఒకలా, చేతిలో పట్టుకునే ఈ-రీడర్‌లో ఇంకోలా కనబడవచ్చు.

మూడోది గూగుల్ ప్లే బుక్స్. తెలుగు పుస్తకానికి, అందులోనూ మొదటిసారి వేసుకునే వాళ్లకు, నా ఓటు దీనికే. ఎందుకంటే ఇక్కడ తెలుగు పుస్తకాలు ఇప్పటికే అమ్ముతున్నారు. ఆండ్రాయిడ్ ఫోనుల్లో తెలుగు అక్షరాలు సరిగ్గా కలిసి వస్తాయి. కెనడాలో ఉన్న మనవరాలికీ, సూళ్లూరుపేటలో ఉన్న తాతగారి స్నేహితుడికీ ఒకే దుకాణం చాలు. ఈపబ్‌తో పాటు పీడీఎఫ్‌ను కూడా తీసుకుంటారు. కాబట్టి పాత అచ్చు ఫైలు తప్ప ఇంకేమీ లేనివాళ్లు కూడా పీడీఎఫ్‌తో మొదలుపెట్టి, తీరిగ్గా ఈపబ్ చేసుకోవచ్చు. అయితే చిన్న తెరమీద పీడీఎఫ్ చదవడం కళ్లకు శ్రమ. అక్షరం పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతుంది. వయసు పైబడ్డ పాఠకులను తలుచుకునైనా ఈపబ్ చేయించండి. వాటా విషయానికొస్తే, చాలా దేశాల్లో 70 శాతం ఇస్తున్నారు. మన దేశానికీ కెనడాకూ వర్తించే శాతం ఖాతా తెరిచేటప్పుడు ఒప్పందంలో కనబడుతుంది. చదివి సంతకం చేయండి.

ఇన్ని చోట్ల విడివిడిగా పెట్టడం కష్టమనుకునే వాళ్లకు, ఒకేచోట ఇస్తే అన్ని దుకాణాలకూ పంపే సంస్థలున్నాయి. డ్రాఫ్ట్2డిజిటల్ అలాంటిది. 2022లో స్మాష్‌వర్డ్స్ కూడా అందులో కలిసిపోయింది. పుస్తకం వెలలో సుమారు పదో వంతు తీసుకుంటారు. తెలుగు లిపి వాళ్ల వ్యవస్థలో నిలుస్తుందో లేదో ముందు ఉత్తరం రాసి అడగాలి.

దుకాణమే అక్కర్లేని దారి కూడా ఒకటుంది. మీ పాఠకులు ఎక్కువగా తెలిసినవాళ్లే అయితే, ఈపబ్ ఫైలును మీరే నేరుగా అమ్మవచ్చు. 2023 జనవరిలో జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ పది దేశాల ఫోను నంబర్లతో యూపీఐ వాడుకోవడానికి ప్రవాస భారతీయులకు అనుమతిచ్చింది. ఆ పదింటిలో కెనడా ఉంది. అక్కడివాళ్లకు ఇక్కడి బ్యాంకులో ఎన్ఆర్ఐ ఖాతా ఉంటే, కెనడా నంబరుతోనే మీకు డబ్బు పంపగలరు. కమిషన్ ఉండదు. అయితే తెలియని పాఠకుడు మిమ్మల్ని వెతుక్కుంటూ రాడు. తెలిసినవాళ్లకు నేరుగా, తెలియనివాళ్లకు దుకాణంలో, రెండూ పక్కపక్కన నడపవచ్చు. వేరేచోట అమ్మకూడదన్న షరతుకు కట్టుబడకపోవడంలో ఉన్న లాభం ఇదే.

ఇప్పుడు డబ్బు లెక్క. మన పుస్తకం వెల 4 డాలర్ల 99 సెంట్లు అనుకుందాం, కెనడా డాలర్లలో. కోబోలో మనకు వచ్చేది 3 డాలర్ల 49 సెంట్లు. ఇంగ్లీషు ప్రతి అమెజాన్‌లో పెడితే, వాళ్లు ఫైలు బరువును బట్టి కెనడాలో మెగాబైటుకు 15 సెంట్లు తీసి, మిగిలినదానిలో 70 శాతం ఇస్తారు. ఒక మెగాబైటు పుస్తకానికి 3 డాలర్ల 39 సెంట్లు వస్తుంది. రాకెట్ ఫొటోలు నిండుగా పెడితే ఫైలు బరువెక్కి, మన వాటా తగ్గుతుంది. అదే పుస్తకానికి చవగ్గా ఇద్దామని 1 డాలరు 99 సెంట్లు పెడితే? కోబోలో 45 శాతం లెక్కన 90 సెంట్లు, అమెజాన్‌లో 35 శాతం లెక్కన 70 సెంట్లు వస్తాయి. వెల సగానికి పైగా తగ్గించాం. రాబడి నాలుగో వంతు దగ్గరికి పడిపోయింది. మన పుస్తకాన్ని మనమే చవక చేసుకోకూడదు. అలాగని తెలుగు పాఠకుడి అలవాటునూ మరచిపోకూడదు. 1998 నుంచి ఈమాట, 2007 నుంచి కౌముది వంటి పత్రికలు విదేశాల్లోని తెలుగువాళ్లకు మంచి సాహిత్యాన్ని ఉచితంగా అందించాయి. అంత మంచి చదువు ఉచితంగా దొరికిన పాఠకుడు డబ్బు పెట్టాలంటే, మొదటి అధ్యాయం చదివించి, మిగతాది కావాలనిపించాలి. అందుకని నమూనా పేజీలు ఉదారంగా ఇవ్వండి. ముందుమాటలు, అభినందనలు వెనక్కి జరపండి. నమూనాలో కథ మొదలుకావాలి.

పన్నుల గురించి రెండు మాటలు. ఒంటారియో రాష్ట్రంలో అచ్చుపుస్తకం కొంటే 5 శాతం పన్ను. ఈ-పుస్తకం కొంటే మొత్తం 13 శాతం. అంటే మన 4 డాలర్ల 99 సెంట్ల పుస్తకానికి పాఠకుడు 5 డాలర్ల 64 సెంట్లు చెల్లిస్తాడు. వెల నిర్ణయించేటప్పుడు ఇది మనసులో ఉంచుకోవాలి. మన దేశంలో అచ్చుపుస్తకానికి జీఎస్టీ లేదు. ఈ-పుస్తకానికి 18 శాతం ఉండేది. అచ్చులో కూడా వచ్చిన పుస్తకం తాలూకు ఈ-ప్రతికి 2018 జూలైలో దాన్ని 5 శాతానికి తగ్గించారు. కొద్ది ప్రతులైనా అచ్చు వేయించడానికి ఇదొక కారణం. ఇక అమెరికా సంస్థల ద్వారా అక్కడ అమ్మిన ప్రతులకు, మన పాన్ నంబరుతో డబ్ల్యూ-8 బెన్ అనే ఫారం నింపాలి. అది నింపితే రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతం కోస్తారు; నింపకపోతే 30 శాతం. ఇక్కడ ఆదాయపు పన్ను లెక్కలో ఆ రాబడిని చూపడం మరవకండి.

మూడో ప్రశ్న మిగిలింది. పుస్తకం ఎవరి చేతిలో ఉంటుంది? తెలుగు ఈ-పుస్తకాల దుకాణం అనగానే ఒకప్పుడు కినిగె పేరు చెప్పుకునేవాళ్లం. హైదరాబాదులో కిరణ్ కుమార్ చావా ఆధ్వర్యంలో నడిచిన ఆ ప్రయత్నం, పెద్ద సంస్థలు తెలుగును పట్టించుకోని రోజుల్లో, ఊళ్లో కూర్చున్న రచయితనీ సముద్రాల అవతలి పాఠకుణ్నీ కలిపింది. దానికి మనం రుణపడి ఉన్నాం. అయితే ఏ దుకాణమూ శాశ్వతం కాదు. సోనీ అంతటి సంస్థ 2014లో అమెరికా, కెనడాల్లో ఈ-పుస్తకాల దుకాణం మూసేసి, తన ఖాతాదారులను కోబోకు అప్పజెప్పింది. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈ-పుస్తకాల దుకాణం మూసినప్పుడు, కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చింది గానీ, పుస్తకాలు వాళ్ల దగ్గర నిలవలేదు. అంత పెద్దవాళ్ల సంగతే అలా ఉంటే, మన పుస్తకాన్ని ఒక్కచోటే నమ్మి వదిలేయడం తగదు.

కాబట్టి యూనికోడ్ మూలప్రతి, ఈపబ్, ముఖచిత్రం పెద్ద సైజులో, ఫొటోల అనుమతి పత్రాలు, ఇవన్నీ మీ దగ్గర రెండు మూడు చోట్ల భద్రంగా ఉండాలి. డీటీపీ చేసినవాళ్ల కంప్యూటర్లో మాత్రమే ఉంటే అది మీ దగ్గర లేనట్టే. పుస్తకానికి గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ కూడా మీ పేరు మీదే తీసుకోండి. మన దేశంలో ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. కెనడాలో స్థిరపడిన రచయితలకు అక్కడి జాతీయ గ్రంథాలయం, లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా, అలాగే ఉచితంగా ఇస్తుంది. అలా ప్రచురించిన పుస్తకాన్ని ఆ గ్రంథాలయానికి సమర్పించాలన్న చట్టం కూడా అక్కడ ఉంది. డబ్బిస్తే ఐఎస్‌బీఎన్ ఇప్పిస్తామని ఎవరైనా వస్తే, రెండు దేశాల్లోనూ అక్కర్లేదని చెప్పండి. షార్‌లో ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్లు, రాసిన విషయం, ఫొటోలు తమ శాఖ నియమాలకు లోబడి ఉన్నాయో లేదో చూసుకుని, అవసరమైన అనుమతి తీసుకున్నాకే ప్రచురించాలి.

చివరగా, దుకాణంలో పెట్టేటప్పుడు పుస్తకం పేరు, రచయిత పేరు తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాయండి. కెనడాలో ఉన్న మన పిల్లలు తెలుగు చదవగలిగినా, వెతికేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే కొడతారు. పుస్తక పరిచయంలో శ్రీహరికోట, సూళ్లూరుపేట, పులికాట్, ఇస్రో అన్న పేర్లు రావాలి. ఊరి పేరు కొట్టి వెతికేవాడు దొరికాడంటే, అతడు మన పాఠకుడే.

ఇదంతా ఒక వరసలో పెట్టి చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోవచ్చు. ముందు యూనికోడ్‌లో శుద్ధప్రతి. ఆ తర్వాత ఫాంటు పొదిగిన ఈపబ్, కెనడాలో ఉన్న మనవాళ్ల పరికరాల్లో దాని పరీక్ష. సొంత ఐఎస్‌బీఎన్. మొదటి దుకాణంగా గూగుల్ ప్లే. పరీక్షలో నెగ్గితే కెనడా పాఠకుల కోసం కోబో, అందులో లైబ్రరీ సమ్మతి. తెలిసినవాళ్లకు యూపీఐతో నేరుగా. ఇంగ్లీషు అనువాదం ఉంటే అమెజాన్, కేడీపీ సెలెక్ట్‌లో చేరకుండా. వెల 3 డాలర్లకు తగ్గకుండా.

ఈ పనికి ఒక మనిషి చాలడు. రాసే పెద్దవాళ్లకు ఓపిక ఉంటుంది, కంప్యూటరు అలవాటు ఉండకపోవచ్చు. సూళ్లూరుపేట, నాయుడుపేట కాలేజీల్లో చదివే పిల్లలకు కంప్యూటరు వచ్చు, ఆ దీవి కథ తెలియదు. వాళ్లిద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే బాధ్యత మన గ్రంథాలయాలు, పాఠశాలల పూర్వ విద్యార్థి సంఘాలు తీసుకోవాలి. ఒక వేసవి సెలవుల్లో ఒక పుస్తకం పూర్తిచేసినా చాలు, రెండోది చేసే దారి తెలుస్తుంది. ఎస్ఎల్‌వీ 3 రాకెట్ తొలి ప్రయోగం 1979లో విఫలమైనప్పుడు ఆ కాలనీ ఇళ్లలో ఏం మాట్లాడుకున్నారో, 1980 జూలైలో రెండోది గెలిచినప్పుడు ఎవరెవరు ఏడ్చారో, చూసినవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. వాళ్ల చేత రాయించండి. మీరే ఆ చూసినవాళ్లయితే, ఆలస్యం చేయకుండా రాయడం మొదలుపెట్టండి. చదివేవాళ్లు కెనడాలోనూ ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. పుస్తకం చేరే దారులు ఇప్పుడు మన చేతికి అందేంత దగ్గరలో ఉన్నాయి.